పొదుపెరిగిన రంపం

గుండ్రటి రంపం ఒక్కో కోతకు సుమారు 3 మిల్లీమీటర్ల చెక్కను పొట్టు చేసేస్తుంది. బ్యాండ్ సా అందులో సగం కూడా తినదు. టేకు డబ్బు పోసి కొన్నవాడికి ఆ తేడా ఎవరూ వివరించక్కర్లేదు.

చూడ్డానికి రెండు చక్రాల మీద తిరిగే ఉక్కు పట్టీ, అంతే. 1808లో ఇంగ్లండ్‌లో విలియం న్యూబెరీ పేటెంటు పొందినా, అతుకు నిలిచే పట్టీ చేయడం అప్పట్లో ఎవరి తరమూ కాలేదు. 1846లో ఫ్రాన్స్‌లో ఆన్ పోలిన్ క్రెపాన్ అనే మహిళ ఆ అతుకుకు దారి చూపాకే యంత్రం దశ తిరిగింది.

ఇంటి షెడ్డుకు కొనేవాళ్లు ముందు మోటారు సంగతి అడుగుతారు. చూడాల్సింది చక్రం కొలత, ఫ్రేము బిగువు. 14 అంగుళాల చక్రమైతే మామూలుగా 6 అంగుళాల మందం చెక్క దూరుతుంది. ఫ్రేము బలహీనమైతే వెడల్పు బ్లేడును బిగించి పట్టలేదు, కోత గీత తప్పుతుంది. ఒంపులకు పావంగుళం బ్లేడు; మందపు చెక్కను పలకలుగా చీల్చాలంటే అర అంగుళానిది, అంగుళానికి మూడే పళ్లున్నది. పళ్లు ఎక్కువైతే సందుల్లో పొట్టు కూరుకుని బ్లేడు వేడెక్కుతుంది.

అన్నీ కుదిరిన రోజున చెక్కను తొందరపెట్టకుండా తోసి చూడండి. చివరి అంగుళం తెగగానే రెండు పలకలు పుస్తకంలా విచ్చుకుంటాయి. ఒకదాని నార రెండోదానికి అద్దంలో నీడ.