తోలు లేని డప్పు: తెనాలి, బాపట్ల, రేపల్లెల క్రైస్తవ రాక్ పాట గురించి

'క్రైస్తవ రాక్ బ్యాండు' అనగానే మనవాళ్ళలో రెండు రకాల వాళ్ళు రెండు రకాలుగా నవ్వుతారు. ఉద్యమంలో ఉన్న మిత్రులు డప్పు వదిలేసి గిటారు పట్టుకున్న బానిస బుద్ధి అంటారు. సంఘంలో ఉన్న పెద్దలు లోకం పాటని గుళ్ళోకి తెచ్చిన సైతాను బుద్ధి అంటారు. ఇద్దరూ మాట్లాడేది వాయిద్యం గురించే. పాటలో ఏముంది, పాట ఎవరి గురించి, ఏది పాడారు, ఏది పాడకుండా వదిలేశారు అని ఈ ఇద్దరిలో ఒక్కరూ అడగరు. దళిత సాహిత్యం మీద ఇన్ని చర్చలు చేసుకున్న మనం పాలేల్లో ప్రతి ఆదివారం మైకులో మోగే పాటని విమర్శకు తగిన వస్తువుగా ఎందుకు చూడలేదన్నది ఇక్కడ చర్చకు పెడుతున్నాం.

2007 నుంచి 2012 దాకా తెనాలి, బాపట్ల, రేపల్లెల మధ్య మేము ఐదుగురం అలాంటి ఒక చిన్న బ్యాండులో వాయించాం. రాస్తున్నది ఒకరమే అయినా మాటలు ఐదుగురివి. ఒక లీడ్ గిటారు, ఒక బేస్, సెకండ్ హ్యాండ్ డ్రమ్ సెట్టు, ఒక కీబోర్డు, పాడటానికి ఒకడు. ఆదివారం ఆరాధన అయిపోయి చాపలు చుట్టేశాక గుళ్ళోనే ప్రాక్టీసు. ఊళ్ళోకి శబ్దం పోకుండా బేస్ డ్రమ్ములో పాత చీరలు కుక్కేవాళ్ళం. సెమీ క్రిస్మస్‌లకి, యూత్ కూడికలకి పిలిచేవాళ్ళు. డబ్బులు సౌండ్ బాక్సుల బాడుగకే చాలేవి కావు. రేపల్లె ప్యాసింజర్‌లో డ్రమ్ములు ఎక్కిస్తుంటే జనం "ఎవరి పెళ్ళి బాబూ?" అని అడిగేవాళ్ళు. మా చేతిలో వాయిద్యం కనపడితే పెళ్ళో చావో తప్ప మూడోది ఉంటుందని ఎవరికీ తోచదు.

ముందు గిటారు సంగతి. ఇది తెల్లవాడి వాయిద్యం, మనకెందుకు అనే మాట చరిత్ర తెలియక అనేది. అమెరికాలో నల్లవాళ్ళ పెంతెకొస్తు సంఘంలో పెరిగిన సిస్టర్ రోసెట్టా థార్ప్ 1930ల చివర్లో, 40ల్లో గిటారు పట్టుకుని దేవుడి పాటలు పాడింది. ఎలక్ట్రిక్ గిటారుని అట్లా మోగించవచ్చని తర్వాత వచ్చిన రాక్ అండ్ రోల్ వాళ్ళకి తెలిసింది ఆమె దగ్గరే. ఆమె 1973లో పోయింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెను చేర్చుకుంది 2018లో. ఈ మధ్యలో ఏం జరిగింది? 1969లో లారీ నార్మన్ అనే తెల్ల యువకుడు 'అపాన్ దిస్ రాక్' అనే రికార్డు వేస్తే క్రైస్తవ రాక్ అక్కడ మొదలైందని రాసుకున్నారు. తర్వాత సిడ్నీ నుంచి హిల్‌సాంగ్ వచ్చింది. మా చేతికి అందింది ఆ హిల్‌సాంగే, కాపీ చేసిన సీడీల్లో. బానిసల పిల్లల గుళ్ళో పుట్టిన వాయింపు తెల్లవాళ్ళ గుళ్ళో కడిగి ఆరేసుకుని తెనాలి చేరేసరికి అందులో బానిసల ఊసే లేదు. కాబట్టి మనం చర్చించాల్సింది గిటారు ఎవరిదని కాదు. దారిలో ఏం పోగొట్టుకుని వచ్చిందీ అని.

అయితే డప్పు? దీని మీద కొంచెం నిదానంగా మాట్లాడాలి. ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ కాలంలో, 1878లో ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువ మంది మాదిగలు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు అని వాళ్ళకి నియమాలు. వాటి వెంబడే ఇంకోటి వచ్చింది. ఊరి జాతరకి డప్పు కొట్టం అన్నారు. ఊరు ఊరుకుందా? కూలి ఆపింది, బావి ఆపింది. ఇవాళ మనం 'మిషనరీలు మన సంస్కృతిని లాక్కున్నారు' అని ఒక్క వాక్యంలో తేల్చేసే సంగతి ఆనాటి మాదిగలకి వెట్టి మానుకోవడం. పిలిస్తే వెళ్ళి కొట్టి, విసిరేస్తే ఏరుకునే చాకిరీ మానుకోవడం. 1994లో దండోరా అదే డప్పుని తీసుకుని బజార్లోకి వచ్చి తన కోసం తను కొట్టింది. ఈ రెండు పనులూ ఒకదానికొకటి ఎదురు కాదు. కొట్టనన్న తాత లేకపోతే తన కోసం కొట్టుకునే మనవడు లేడు.

మా బ్యాండులో డ్రమ్ములు కొట్టేవాడు మాదిగ. మిగతా నలుగురం మాలలం. బాగా వాయించిన ప్రతిచోటా ఎవరో ఒక పెద్దమనిషి వాడి భుజం తట్టి "మీవాళ్ళకిది పుట్టుకతోనే వస్తదిరా" అనేవాడు. లీడ్ గిటారు వాడితో మాత్రం "ఎక్కడ నేర్చుకున్నావు బాబూ?" అనేవాడు. ఒకడికి నేర్పు, ఒకడికి పుట్టుక. వాడు ఎండాకాలమంతా రోజుకి నాలుగు గంటలు ప్లాస్టిక్ కుర్చీ మీద పుల్లలతో సాధన చేసిన సంగతి మాకు తెలుసు. ఈ మాట అన్నది అగ్రకులాల వాళ్ళు కాదు, మన సంఘాల్లో మన మాలలే. గుళ్ళో అందరూ సహోదరులేగానీ, సహోదరుల లెక్కలోకి కులం ఏ దారిన వచ్చి కూచుంటుందో తెలుసుకోవాలంటే ఇలాంటి మెచ్చుకోళ్ళనే వినాలి.

2009 ప్రాంతంలో డ్రమ్ సెట్టు మోయలేక రిథమ్ ప్యాడ్ బాడుగకి తెచ్చుకోవడం మొదలుపెట్టాం. ఆ ప్యాడ్‌లో రకరకాల టోన్లు. తబలా, డోలక్, దాంతో పాటు డప్పు. ఆరు బై ఎనిమిది తాళంలో ఆ టోను పెట్టి కొడితే కూడికంతా లేచి చప్పట్లు కొట్టేది. డిస్టార్షన్ గిటారు వినపడగానే మెయిన్ ఆఫ్ చేయించిన ఒక సంఘ పెద్ద ఈ డప్పుకి ఏమీ అనలేదు, జానపదం బాగుందన్నాడు. అదే గుళ్ళోకి నిజం డప్పు తెస్తామంటే మాత్రం 'అది చావు వాయిద్యం' అన్నారు. తేడా ఎక్కడుంది? శబ్దంలో లేదు, శబ్దం ఒకటే. తేడా తోలులో ఉంది. తోలు పోయి రబ్బరు వచ్చాక డప్పుకి మైల పోయింది. ప్యాడ్ ముందు ఎవరైనా కూచోవచ్చు. నూటయాభై ఏళ్ళ కింద గుడి గుమ్మం బయట వదిలిన వాయిద్యం తోలు ఊడదీయించుకుని, స్విచ్ నొక్కితే మోగే నంబరుగా లోపలికొచ్చింది. వాయించిన చేతి కులాన్ని మాత్రం ఏ కంపెనీ ఊడదీయలేదు, ముందు చెప్పిన భుజం తట్టడాలు ప్యాడ్ వచ్చాక కూడా ఆగలేదు.

ఇక కీర్తనల పుస్తకం. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' తెరిస్తే ప్రతి పాట నెత్తిన రాగం, తాళం ఉంటాయి. అందులో పెద్ద పీట పురుషోత్తమ చౌధరిది (1803-1890), బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన భక్త కవి. ఆయన పాటలు గొప్పవి, మా అమ్మమ్మలకి నోటికొచ్చు. కానీ గమనించండి, ఆ రాగాలని, ఆ సంస్కృత సమాసాలని 'మనది కాదు' అని పాలెంలో ఎవరూ అనలేదు. బ్రాహ్మణ సంగీతం గుళ్ళోకి వస్తే దేశీయం, గిటారు వస్తే విదేశీయం, డప్పు వస్తే అశుభం. ఈ మూడు ముద్రలూ వేసే చెయ్యి ఒకటే. నిజానికి పాలెం ఆ రాగాలని ఉన్నవి ఉన్నట్టుగా ఎప్పుడూ పాడలేదు. మా ముసలమ్మలు చప్పట్ల మీద వాటిని సాగదీసి, మధ్యలో ఊపిరి దగ్గర విరిచి, ఏడుపుకీ పాటకీ నడుమ ఎక్కడో పెట్టారు. మేము వాటికి కార్డ్స్ పెట్టబోతే ఇమిడేవి కావు. నాలుగు దెబ్బల తాళంలో బిగిస్తే ముసలమ్మలు పాడటం ఆపేసి చూస్తూ కూచునేవాళ్ళు. సంగీతపరంగా మా బ్యాండు మీద పెట్టాల్సిన గట్టి విమర్శ ఇదేనని మా అభిప్రాయం. గిటారు పట్టినందుకు కాదు, ఆ గొంతుకి సరిపడా గిటారు వాయింపు ఇంకా పుట్టనందుకు. మదురైలో థియోఫిలస్ అప్పావు (1940-2005) వేదాంత కళాశాలలో కూచుని పల్లె బాణీల్లోనే ఆరాధన క్రమం కట్టాడు. తెలుగులో అంత పట్టుదలగా ఆ పని జరగలేదు.

ఆడవాళ్ళ సంగతీ ఇక్కడే చెప్పాలి. కూడికలో పాడేవాళ్ళలో ఎక్కువ మంది ఆడవాళ్ళు, స్టేజీ మీద వాయిద్యం పట్టింది ఒక్కరూ లేరు. రోసెట్టా థార్ప్ గిటారు మా దాకా వచ్చిందిగానీ రోసెట్టా రాలేదు.

బాపట్ల వైపు ఇంకో కథ ఉంది. సాల్వేషన్ ఆర్మీ 1882లో బొంబాయిలో దిగగానే వీధిలో వాయిద్యాలతో ఊరేగినందుకు ఫ్రెడరిక్ బూత్-టక్కర్‌నీ తోటివాళ్ళనీ పోలీసులు అరెస్టు చేశారు. వీధిలో వాయించే హక్కు కోసం జైలుకెళ్ళిన అదే సంస్థ 1913 నుంచి బాపట్ల పక్కనే స్టూవర్ట్‌పురంలో ఎరుకల వాళ్ళని నేరస్థ తెగల చట్టం కింద సెటిల్‌మెంటులో ఉంచి హాజరు పిలిచింది. పాట, హాజరు పట్టీ రెండూ ఒకే చేతిలో. అదే సంస్థ తెనాలి చర్చి ఆవరణ 1991లో చుండూరు నుంచి పారిపోయి వచ్చిన దళితులకి నీడైంది. మంచి, చెడు అని రెండు గీతల్లో తేలే చరిత్ర కాదిది.

చుండూరు దగ్గరికి వచ్చాం కనక అసలు విషయంలోకి వస్తాం. తెనాలి నుంచి బాపట్ల వెళ్ళే రైలు చుండూరు మీదుగానే పోతుంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపి, శవాల్ని కాలవలో, తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. గొడవకి మొదలు సినిమా హాలు. దళిత కుర్రాడి కాలు అగ్రకులస్థుడికి తగిలిందట. పాటా ఆటా ఉన్నచోట, పక్కపక్క కుర్చీల్లో, చదువుకున్న దళిత కుర్రాడు కాలు చాపుకుని కూచోవడమే నేరం. 2007 జులై 31న అక్కడే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. తీర్పు వచ్చిన 2007లోనే మేము డ్రమ్ సెట్టు కొన్నాం. ఐదేళ్ళలో ఆ స్టేషన్ మీదుగా ఎన్నిసార్లు పోయామో. మేము కట్టుకున్న పాటలు పదిహేను దాకా ఉంటాయి. ఒక్కదానిలోనూ ఊరి పేరు లేదు, ఏ ఊరి పేరూ లేదు.

ఇది మా బ్యాండు ఒక్కదాని లక్షణం కాదు. ఈ తరం ఆరాధన పాట మొత్తం తీసుకోండి. అందులో ఇద్దరే ఉంటారు, 'నేను', 'నీవు'. నేను ఒంటరిని, నీవు నన్ను లేపావు. ఎవరు పడేశారు? ఎక్కడ పడ్డాను? చెప్పరు. బైబిలు కీర్తనల్లో శత్రువులున్నారు, సాక్షులున్నారు, బబులోను నదుల దగ్గర కూచుని ఏడ్చిన 'మేము' ఉన్నాం. నిర్గమకాండంలో వెట్టి ఇటుకల లెక్క కూడా ఉంది. మన పాటలోకి వచ్చేసరికి ఫరో మనసులోని నిరాశ అయిపోతాడు, ఎర్రసముద్రం జీవితపు కష్టం అయిపోతుంది. డిస్టార్షన్ పెంచి ఎంత కోపంగా వాయించినా, ఆ కోపం ఎవరి మీదో మాటల్లో లేకపోతే అది వట్టి మోత.

మరి ఎందుకు లేదు? హిల్‌సాంగ్ అనుకరణ ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం జేబులో ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. క్రైస్తవుడైతే బీసీ-సి, అందరికీ కలిపి ఒక శాతం. అందుకని మా ఐదుగురికీ బడిలో ఒక పేరు, గుళ్ళో ఒక పేరు. సభల పోస్టరు మీద ఫొటో వేస్తామంటే ఇళ్ళల్లో వద్దనేవాళ్ళు. సీడీ చేద్దామంటే అట్ట మీద ఏ పేరు వెయ్యాలని రెండు నెలలు తగువు, చివరికి పేర్లు లేకుండానే నూరు కాపీలు తీశాం. రాక్ సంగీతమంటేనే వాయించేవాడి పేరు, ముఖం, పొగరు. పేరు దాచుకుని రాక్ వాయించడం మా దేశంలోనే సాధ్యం. ఊరి పేరు, కులం పేరు ఉన్న పాట పాడాలంటే పాడేవాడు ముందు తన పేరు చెప్పుకోగలగాలి. చిరునామా లేని పాట చిరునామా దాచుకోవాల్సిన మనిషి నుంచి వస్తుంది.

ఈ భయం ఊహ కాదు. బాపట్ల, రేపల్లెల మధ్య ఉన్న చందోలు పోలీసు స్టేషన్‌లో ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసుని 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. పదేళ్ళుగా పాస్టరుగా ఉన్నవాడు ఎస్సీ కాడు, కాబట్టి ఆ చట్టం అతనికి వర్తించదంది. బోధించడం సాక్ష్యమైతే వాయించడం కాకుండా పోతుందా? 2022లో వేసిన బాలకృష్ణన్ కమిషన్ ముందుకి మన సంఘాలు జనాభా లెక్కలు, పేదరికం లెక్కలు పట్టుకెళ్ళాయి, మంచిదే. వాటితో పాటు పేర్లు లేని ఇలాంటి సీడీ అట్టలు కూడా పట్టుకెళ్ళాల్సింది. కొట్టినవాడు మతం అడిగి కొట్టడు. చుండూరులో చంపినవాళ్ళు బాప్తిస్మం సర్టిఫికెట్లు చూడలేదు.

చివరి రోజుల్లో, 2012లో, చుండూరు మీద ఒక పాట కట్టే ప్రయత్నం జరిగింది. 'నేను' తీసేసి 'మేము' పెట్టాం. సమాధులు ఊరి నడుమ ఉన్న సంగతి పల్లవిలో వచ్చింది. బాపట్లలో ఒక యూత్ కూడికకి ముందు ఆ పాట చూసిన పాస్టరుగారు బాణీ చాలా బాగుందన్నారు. పేరు ఉన్నచోట 'ఆ ఊరు' అని పెట్టుకోమన్నారు. ఆయన కూతురికి ఆ ఏడు కౌన్సెలింగ్ ఉంది. మేము పాట పాడలేదు, మార్చనూ లేదు. కాగితం డ్రమ్ములు వాయించేవాడి దగ్గరే ఉంది. వాడిప్పుడు రేపల్లె చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో ప్యాడ్ వాయిస్తున్నాడు, డప్పు టోనుకే గిరాకీ ఎక్కువంటాడు.