పొట్టి కాళ్ళ వంశం

డాషుండ్‌ను క్రాసింగ్‌కి తీసుకొచ్చేవాళ్ళు ముందు రంగు గురించి మాట్లాడతారు, తర్వాత కాళ్ళు ఎంత పొట్టిగా ఉన్నాయో చూపించి మురిసిపోతారు. పశువైద్యుడిగా నేను చూసేది నడక. గచ్చు మీద కుక్కను నాకెదురుగా నడిపించి, మళ్ళీ దూరంగా నడిపించమంటాను. ముంగాళ్ళు మణికట్టు దగ్గర బయటికి తిరిగాయా, వెనక కాళ్ళ పాదాలు లోపలికి ఒరిగాయా, మలుపు తిరిగేటప్పుడు వీపు బిగబడుతోందా? జత కుదర్చడంలో సగం పని ఈ చూపుతోనే అవుతుంది.

బొరియల్లో దాగిన బ్యాడ్జర్‌ను వేటాడటానికి జర్మనీలో పెంచిన కుక్క ఇది. ఆ పనికి పొట్టి కాళ్ళు కావాలి కాబట్టి అలాంటి వాటినే ఏరి జత కట్టించారు. అలా ఏరుతున్నది దేన్నో 2009లో తెలిసింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో ఎలేన్ ఆస్ట్రాండర్ బృందం దాన్ని పట్టుకుంది. ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువు కుక్కలన్నిటిలోనూ ఉంటుంది. పొట్టి కాళ్ళ జాతుల్లో దాని నకలు ఇంకొకటి 18వ క్రోమోజోమ్‌లో అదనంగా చేరి ఉంది. జన్యువు నుంచి తయారైన ఆర్‌ఎన్‌ఏ తిరిగి డీఎన్‌ఏగా మారి అక్కడ అతుక్కుంది. దాని ప్రభావంతో ఎముక చివర ఉండే మృదులాస్థి పొర త్వరగా గట్టిపడి, ఎముక పొడవు పెరగడం ఆగిపోతుంది. డాషుండ్, కోర్గీ, బాసెట్ హౌండ్ అన్నిటికీ ఇది ఒకే పూర్వీకుడి నుంచి వచ్చింది. ఎప్పుడో ఒక్కసారి జరిగిన పొరపాటును మనిషి ఇన్ని జాతులుగా పెంచుకున్నాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అంతటితో ఆగితే బాగుండేది. 2017లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డానికా బనాష్ బృందం 12వ క్రోమోజోమ్‌లో ఇంకో నకలును కనిపెట్టింది. ఇదీ కాళ్ళను పొట్టి చేస్తుంది, దాంతోపాటు వెన్నుపూసల మధ్య డిస్కులను చిన్న వయసులోనే ముసలివి చేస్తుంది. మెత్తగా ఉండాల్సిన గుజ్జు ఎండి, కాల్షియం పేరుకుంటుంది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటి వచ్చినా ముప్పు పెరుగుతుంది. ఒకరోజు సోఫా మీంచి దూకిన కుక్క వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ వస్తుంది. అలాంటి కుక్కను చేతుల మీద మోసుకొచ్చిన యజమాని మొహం చూసినప్పుడల్లా, ఇది జత కుదిర్చిన రోజునే మొదలైందని చెప్పబుద్ధి కాదు.

డాషుండ్‌లలో దాదాపు అన్నిటికీ ఈ రెండో నకలు ఉంది. అందువల్ల డీఎన్‌ఏ పరీక్ష ఫలితం చూసి మంచివాటిని ఏరుకోవడం ఇక్కడ కుదరదు. నార్డిక్ దేశాలవాళ్ళు ఇంకో దారి పట్టారు. కుక్కకు రెండు నుంచి నాలుగేళ్ళ వయసులో వెన్నుకు ఎక్స్‌రే తీసి, కాల్షియం పట్టిన డిస్కులెన్నో లెక్కపెట్టి, తక్కువున్నవాటినే సంతానానికి ఎంచుకుంటారు. నాకు ఈ పద్ధతి నచ్చింది. దీనికి కావాల్సిందల్లా ఓపిక. తొలి ఎదకే జత కట్టించాలన్న తొందరను ఆపుకోవాలి.

వంకర కాళ్ళ సంగతి వేరు. మినియేచర్ డాషుండ్‌లలో కొన్నిటికి వెనక కాలిలో మోకాలి కింది ఎముకకు కింది చివర, లోపలి వైపు పెరుగుదల ముందే ఆగిపోతుంది. బయటి వైపు పెరుగుతూనే ఉంటుంది కాబట్టి కాలు లోపలికి వంగుతుంది. తల్లీ తండ్రీ చక్కగా నడుస్తున్నా పిల్లల్లో బయటపడే తీరులో ఇది సంక్రమిస్తుందని వంశావళులు సూచిస్తున్నాయి. అంటే ఈతలో ఒక్క పిల్లకు కాలు వంకరపోయినా ఆ తల్లినీ తండ్రినీ అనుమానించాల్సిందే.

నేను చూస్తున్నది దీనికి పూర్తిగా విరుద్ధం. వంకర కాలు పిల్లను ఎవరికో ఊరికే ఇచ్చేస్తారు, మిగతావి అమ్ముడుపోతాయి, మళ్ళీ అదే జత. అడిగితే "మా లైన్‌లో అలాంటివి లేవండీ" అంటారు. ఇచ్చేసిన పిల్ల ఏ పుస్తకంలోనూ ఉండదు, అందుకే ఆ లైన్ శుభ్రంగా కనిపిస్తుంది. బ్రీడర్ అన్నవాడు ఒక నోటుపుస్తకం పెట్టి పుట్టిన ప్రతి పిల్ల గురించీ రాసుకోవాలి, చచ్చినవాటితో సహా. పిల్లను కొనబోయేవాళ్ళు కాగితాలు తర్వాత చూడొచ్చు. ముందు తల్లిని నడిపించి చూపించమనండి. కిందటి ఈతలో పిల్లలెన్ని, ఇప్పుడవి ఎవరెవరి దగ్గరున్నాయో చెప్పమనండి.