అవధానము – అంతర్జాల సభ

1912లో జంషెడ్‌పూరున ఉక్కు ఉత్పత్తి ఆరంభమైన పిదప బ్రతుకుతెరువునకై అచటికి చేరిన తెలుగువారు కద్మాలో ఆంధ్ర సంఘమును, బిష్టుపూరులో ఆంధ్రభక్త శ్రీరామ మందిరమును నిలుపుకొనిరి. వారి మనుమలలో తెలుగు మాటాడగలిగియు చదువనేర్వనివారు లేకపోలేదు. అట్టివారికి పద్యము చెవి ద్వారమననే అందవలెను. 2020లో కోవిడు వలన సభామందిరములు మూతపడి సాహిత్యసభలు జూమ్ వంటి సాధనముల కెక్కినప్పుడు, హైదరాబాదు ప్రసంగము ఖర్కాయి యొడ్డున వినబడుట వారికి చిన్న మేలు కాదు. పండితునొకని పిలిపింపవలెనన్న రైలు ఖర్చు, బస, శాలువ – చందాలపై నడచు సంఘమునకు ఇవన్నియు భారములే.

అయినను సభలన్నియు ఒక్క తీరున తెరకు లొంగవు. ఉపన్యాసము లొంగును. పెక్కు ఉపన్యాసములకు అదియే తగిన చోటు కూడ. విసుగు పుట్టినవాడు ఎవరినీ నొప్పింపక లేచిపోవచ్చును. అవధానము మాట వేరు.

తిరుపతి వేంకట కవులు జనరంజకముగా తీర్చిన ఈ విద్యలో సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి అంతర్జాలమున చాలవరకు నిలుచును. అవి ఇరువురి నడుమ సాగు పని; మాట అరక్షణ మాలస్యమైనను చిక్కు లేదు. ఘంటాగణనము అట్లు కాదు. మాట కాని ధ్వనిని వట్టి చప్పుడుగా నెంచి అణచు ఏర్పాటు ఆ సాధనములలో కలదు. గంట దానికి చప్పుడే! అప్రస్తుత ప్రసంగమునకు మరింత హాని. అవధాని పాదము కూర్చుకొనుచున్న వేళ అడ్డము వచ్చుటయే ఆ పృచ్ఛకుని ధర్మము. తెరపై ఇరువురు ఒక్కసారి పలికిన ఒకరి గొంతు అణగిపోవును. వంతు వచ్చువరకు వేచియుండి వేయు చమత్కారము చమత్కారమెట్లగును?

సాక్ష్యము సంగతి ఇంకొకటి. కలము, కాగితము లేక పద్యములన్నియు ధారణ చేసి తుదకు ఒప్పగించుటను సభికులు కన్నులార చూతురు. తెరపై కనబడునది ముఖము మాత్రమే. ఇది అవధానిని శంకించుట కాదు. శంకకు తావులేకుండుటయే ఈ విద్యకు పీఠము. రెండవ పాదము ముగియగానే సభ "ఆహా" యనును. ఆ సందడిలో అవధానికి మూడవ పాదమునకు వలయు ఊపిరి దొరకును. మైకులన్నియు మూసిన సభలో ఆ సాయము లేదు.

కనుక ప్రసంగములను, గ్రంథసమీక్షలను అంతర్జాలమునకు విడిచి, కూడబెట్టిన సొమ్ముతో ఏటికొక్క అవధానమునైనను ఊరిలోనే జరుపుకొనుట ప్రవాసాంధ్రులకు మేలు. వేదికపై జరుగుదానిని దూరస్థులకు ప్రసారము చేయుట కభ్యంతరమేమి? అష్టావధానమునకు ఎనిమిదిమంది పృచ్ఛకులు కావలెను. తెరపై వారు ఏ దేశమునుండి యైనను వత్తురు. జంషెడ్‌పూరు శ్రోతగా మిగులును. మందిరమున జరిగినచో వారిలో కొందరనైన ఆ ఊరే సమకూర్చుకొనవలెను. దత్తపది నిచ్చువాడు పది దినములు ముందుగా ఛందోగ్రంథము విప్పును. లిపి రాకున్నను మాటకారియైన కర్మాగారపు యువకునికి అప్రస్తుత ప్రసంగము ఉండనే యున్నది.