పాలపళ్ల వైద్యుల నేర్పు

పిల్లల దంతవైద్యం ఓపికతో చేసే చేతిపని. పాలపళ్లు 20. సుమారు ఆరో నెలలో మొలవడం మొదలై మూడేళ్లలోపు పూర్తవుతాయి. ఆరేళ్లకు వాటి వెనక వచ్చే దవడపన్ను శాశ్వతమైనది. పాలపన్నే అనుకుని వదిలేసే ఆ పంటిని గుర్తించి కాపాడడం ఈ వైద్యులు చేసే గొప్ప మేలు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టప్రాంతంలో ఈ నేర్పుకు మరింత విలువ. ఇక్కడ గ్రానైట్ శిలల నుంచి బోరునీటిలోకి ఫ్లోరైడ్ చేరుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని పసివయసులో ఏళ్ల తరబడి తాగితే, చిగురులోపల తయారవుతున్న శాశ్వతదంతాల ఎనామిల్ దెబ్బతిని తెల్లని, గోధుమరంగు మచ్చలు పడతాయి. అవి తోముకోనందువల్ల వచ్చినవి కావని బిడ్డకు, తల్లికి వైద్యుడు విడమరచి చెబుతాడు. పైపొరను సన్నగా అరగదీసి, అవసరమైతే పంటిరంగు పూత వేస్తాడు. నోరు మూసుకునే పిల్లలు మళ్లీ నవ్వుతారు.

భయం తీర్చడమూ వైద్యమే. ముందు మాటల్లో చెప్పి, పరికరాన్ని గోటిపై తిప్పి చూపి, ఆపైనే పంటిని తాకుతారు.

ఇంట్లో పళ్లు తోమేటప్పుడు మూడేళ్లలోపు బియ్యపుగింజంత, ఆపైన బఠాణీగింజంత పేస్టు చాలు, మింగకుండా ఉమ్మించాలి. మొదటి పుట్టినరోజులోపే వైద్యుడికి చూపించాలి.