బార్కస్ నుంచి 'ది జంగిల్'

పాతబస్తీ బార్కస్‌లో మండీ తినడానికి ఒంటరిగా వెళ్తే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. నలుగురు ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తినే తిండి అది. అప్టన్ సింక్లైర్ నవల 'ది జంగిల్' (1906) గురించి రాస్తూ ఇక్కడ మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఆ నవల కూడా విందుతోనే మొదలవుతుంది.

షికాగో కబేళాల పక్కన, లిథువేనియా నుంచి వలస వచ్చిన యుర్గిస్, ఓనాల పెళ్ళి. వాళ్ళ ఆచారం ప్రకారం గుమ్మంలోకి వచ్చిన ఎవరికైనా భోజనం పెట్టాలి. వచ్చినవాళ్ళు పెళ్ళికూతురితో నాట్యం చేసి, తలా కొంత చదివించాలి. సొంతూళ్ళో పెళ్ళి ఖర్చు అలా గట్టెక్కేది. షికాగోలో కుర్రాళ్ళు తిని, తాగి, చల్లగా జారుకుంటారు. తెల్లారేసరికి అప్పు మిగులుతుంది. ఇంకా ఎక్కువ పనిచేస్తాలే అని యుర్గిస్ భార్యకు ధైర్యం చెప్తాడు.

నవలంతా ఈ మొదటి అధ్యాయంలోనే ఉందనిపిస్తుంది నాకు. పారిశ్రామికీకరణ అనగానే మనకు యంత్రాలు, పొగగొట్టాలు గుర్తొస్తాయి. సింక్లైర్ వాటికన్నా ముందు చూపించింది చదివింపుల లెక్క తప్పడం. నెలకు 12 డాలర్లే అని చెప్పి, వడ్డీ సంగతి దాచి అంటగట్టిన ఇల్లు, పనికి పోయే పిల్లలు, డబ్బు తీసుకుని వేసిన ఓటు, అన్నీ దాని కొనసాగింపే.

పాఠకులకు పట్టింది మాత్రం వేరు. తమ పళ్ళెంలోకి వచ్చే మాంసం ఎలాంటిదో చదివి హడలిపోయారు. 1906 జూన్ 30న మాంసం తనిఖీ చట్టం, ఆహార ఔషధాల చట్టం వచ్చాయి. ఆ మాంసం కోసిన కూలీకి వాటిలో ఒరిగిందేమీ లేదు. గుండెకు గురిపెడితే కడుపుకు తగిలిందని సింక్లైరే వాపోయాడు.

తప్పు పాఠకులదే అనలేం. చివరి అధ్యాయాల్లో నవల ఉపన్యాసమైపోతుంది. యుర్గిస్ బతకడం మానేసి వినడం మొదలుపెడతాడు. అంతకన్నా పెద్ద లోపం, సమ్మెను దెబ్బతీయడానికి దక్షిణాది నుంచి తెచ్చిన నల్లజాతి కూలీలను వర్ణించిన తీరు. లిథువేనియా వాళ్ళకు ఊరు, పాట, పెళ్ళి ఇచ్చిన రచయిత వీళ్ళను అసహ్యంతో, ఒక గుంపుగానే చూశాడు.

మళ్ళీ బార్కస్‌కి వద్దాం. 'బారక్స్' నుంచి వచ్చిన పేరిది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బు సిపాయిల పేట. 1948 సెప్టెంబరులో నిజాం లొంగిపోయాక ఆ కొలువు పోయింది. 1970ల్లో గల్ఫ్‌లో చమురు డబ్బు పొంగినప్పుడు ఇక్కడి మగవాళ్ళు ఎంతోమంది అటు వెళ్ళారు. యుర్గిస్ ఇంటిల్లిపాదినీ ఫ్యాక్టరీ నీడలోకి తెచ్చాడు. గల్ఫ్‌కి పోయే కూలీ ఇంటిని ఇక్కడే వదిలి వెళ్తాడు. యుర్గిస్‌కి పౌరసత్వం ఇప్పించి మరీ ఓటు కొన్నారు. గల్ఫ్ కూలీకి అమ్ముకోవడానికైనా అక్కడ ఓటు లేదు.

అందుకే బార్కస్ లాంటి చోట ఇల్లు నిలిచింది, బంధువులు మిగిలారు, పళ్ళెం చుట్టూ ఒకరి చోటు మాత్రం ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండిపోయింది. ఆ ఖాళీని సింక్లైర్ నవల ఊహించలేదు. గల్ఫ్ వలస మీద నవల రాయబోయేవాళ్ళు ఆయన దగ్గర నేర్చుకోవలసింది చివరి ఉపన్యాసాలు కాదు, ఆ మొదటి విందు. ఎడారి దాకా పోయే ముందు ఆ ఇంటి చదివింపుల పుస్తకం తెరిచి, ఎవరి పేరున ఎవరొచ్చి రాయించారో చూస్తే చాలు.