నలిపిన ఆకు, చీల్చిన ఆకు

తమిళనాడులోని మా తిరుత్తంగల్‌లో తేయాకు తోట లేదు. నిన్ర నారాయణ పెరుమాళ్ గుడి ఉన్న కొండ కింద టీ కొట్లకు మాత్రం లోటు లేదు. ఇక్కడి తెలుగిళ్ళలోనూ టీ పడితేనే తెల్లారినట్టు. కొట్టులో మాస్టరు గుడ్డ సంచిలో టీ డస్టు వేసి, బాయిలర్ నీళ్ళు పోసి, ఆ డికాక్షన్‌ను పాలలో కలిపి పైనుంచి ఎత్తి పోస్తాడు. ఆ డస్టును "మంచి ఆకు ఏరుకోగా మిగిలిన తుక్కు" అని చాలామంది తీసిపారేస్తారు. ఆ మాట తప్పు.

నీలగిరి ఆకు టీ అయినా, ఈ డస్టయినా మొదలు ఒకటే: రెండాకులు, ఒక మొగ్గ. కోసిన ఆకును పొడవాటి తొట్లలో పరిచి, గాలి పట్టించి వాడబెడతారు. దారులు చీలేది ఆ తర్వాతే.

ఆకు టీ చేసే ఆర్థొడాక్స్ పద్ధతిలో రోలింగ్ యంత్రం ఆకును అరచేతుల మధ్య నలిపినట్టు మెలిపెడుతుంది. రసం పైకి ఊరుతుంది, ఆకు రూపు చాలావరకు నిలుస్తుంది. సీటీసీ పద్ధతి 1930 ప్రాంతంలో అస్సాంలో పుట్టింది. అందులో పళ్ళున్న రెండు రోలర్లు వేర్వేరు వేగాలతో తిరుగుతూ ఆకును నలిపి (క్రష్), చింపి (టేర్), గుళికలుగా చుట్టేస్తాయి (కర్ల్). ఆ గుళికలను ఆరబెట్టాక జల్లెడ పట్టగా వచ్చే సన్నరకమే డస్టు. అదొక శ్రేణి, చెత్త కాదు.

ఏ పద్ధతిలోనైనా ఆకును నలిపాక వచ్చే దశను వ్యాపారులు పులియబెట్టడం అంటారు. ఇడ్లీ పిండి పులవడానికీ దీనికీ పోలిక లేదు. కోసిన వంకాయ ముక్కను నీళ్ళలో వెయ్యకపోతే నల్లబడుతుంది చూడండి, ఇదీ అంతే. రసానికి గాలి తగిలి రంగు మారుతుంది. ముందే ఆవిరి పట్టించో, మూకుడులో వేడి చేసో ఆ మార్పును ఆపేస్తే గ్రీన్ టీ. సగంలో ఆపితే ఊలాంగ్. పూర్తిగా సాగనిచ్చి ఆరబెడితే మనం తాగే టీ.

ఇక తూకం వేద్దాం. సీటీసీలో ఆకు కణాలు బాగా చితుకుతాయి కాబట్టి రంగు, చిక్కదనం నిమిషాల్లో దిగుతాయి. పాలు, చక్కెర పడ్డా దాని గొంతు వినిపిస్తుంది. అయితే ఏ కొండ ఆకో చెప్పే పరిమళం చాలావరకు పోతుంది. ఆర్థొడాక్స్‌కు ఆ పరిమళమే ప్రాణం. నీలగిరిలో మంచు కురిసే నెలల్లో కోసిన ఆకును వేడినీళ్ళలో వేసి మూత తీస్తే పూల వాసన గుప్పుమంటుంది. అదే ఆకును పాలలో మరిగిస్తే దాని సొగసంతా మునిగిపోతుంది.

అందుకే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనను. పాలు పోసి తాగేవాళ్ళు సీటీసీ డస్టు కొనండి, చిన్నతనం అనుకోకండి. ఆకు టీ కొంటే పాలు పక్కన పెట్టి, ఒక్కసారి దాన్ని దాని మానాన తాగి చూడండి.