సాక్ష్యం వరకే మైకు

తెలుగు చర్చిల్లో ఆడవాళ్ళని మాట్లాడనివ్వరు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పాట ఎత్తుకునేది వాళ్ళే. సండే స్కూల్ నడిపేది వాళ్ళే. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మోకాళ్ళ మీద గంటసేపు గొంతెత్తి ప్రార్థించేదీ వాళ్ళే. "సాక్ష్యం చెప్పమ్మా" అని మైకు కూడా చేతికిస్తారు. ఆ తర్వాత లేచే మగాయన చెప్పేదాన్ని మాత్రం వాక్యం అంటారు. సాక్ష్యం చెప్పేవాళ్ళు కింద నిలబడతారు, వాక్యం చెప్పేవాళ్ళు పుల్‌పిట్ వెనక. చాలా సంఘాల్లో స్త్రీ బోధ మీద ఉన్న నిషేధమంతా ఈ నాలుగడుగుల దూరంలోనే ఉంది. ఎక్కడా బోర్డు పెట్టరు, అందరికీ తెలుసు.

బల్కంపేట, ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేట వైపు ఈ దూరం మరీ వింతగా కనిపిస్తుంది. ఇక్కడ పాఠం చెప్పడమే పెద్ద వ్యాపారం. కోచింగ్ సెంటర్లో క్లాసు నిండా కుర్రాళ్ళకి జావా చెప్పే మేడమ్‌ని "మగవాళ్ళకి బోధించే అధికారం నీకెవరిచ్చారు" అని ఎవరూ అడగరు. ఆదివారం ఆమె చున్నీ తల మీదికి లాక్కుని చాప మీద కూర్చున్నాక ఆ ప్రశ్న పుడుతుంది. ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది? మన ఇళ్ళలో ఉండే పాత తెలుగు బైబిల్‌ని ఈ ఒక్క విషయం కోసం, ఒక అనువాదాన్ని చదివినట్టు, చదవడం మంచిదనిపించింది.

ముందు ఆ సాక్ష్యం సంగతే చూద్దాం. యోహాను సువార్త 4వ అధ్యాయంలో సమరయ స్త్రీ బావి దగ్గర కుండ వదిలేసి ఊళ్ళోకి పరిగెత్తి చెబుతుంది. ఆమె సాక్ష్యం విని చాలామంది నమ్ముతారు. అక్కడ ఆమె మాటకి గ్రీకులో వాడిన పదం లోగోస్. అదే సువార్త మొదటి వచనంలో మనకి "వాక్యము"గా పరిచయమైన పదమే. తెలుగులో ఆమె దగ్గరికొచ్చేసరికి అది "మాట" అయింది. పక్షపాతం అనేద్దామా? తొందరొద్దు. రెండు వచనాల తర్వాత యేసు చెప్పిన లోగోస్ కూడా తెలుగులో "మాటలు"గానే ఉంది. అనువాదకులు ఆయనకీ ఆమెకీ ఒకే మాట వాడారు. సాక్ష్యానికీ వాక్యానికీ మధ్య గోడ కట్టింది వాళ్ళు కాదు, తర్వాత చదువుకున్న మనం.

ఇంకా గట్టి ఉదాహరణ ఉంది. రోమా పత్రిక చివరి అధ్యాయంలో పౌలు ఫీబేని పరిచయం చేస్తూ వాడిన పదం దియాకొనోస్. కింగ్ జేమ్స్ ఇంగ్లిష్ బైబిల్ ఆమెని సర్వెంట్ అంది. అదే పదం మగవాళ్ళకి వచ్చినచోట మినిస్టర్ అనో డీకన్ అనో రాసుకుంది. తెలుగు బైబిల్ ఆ పని చెయ్యలేదు. ఫీబే "పరిచారకురాలు". తిమోతి పత్రికలో సంఘపు పదవిలో ఉన్నవాళ్ళు "పరిచారకులు". పౌలూ అపొల్లోలూ కూడా "పరిచారకులే". ఇంత నిజాయితీగా ఉన్న అనువాదాన్ని మనం ఎలా వింటున్నాం? పరిచారకుడు అంటే సంఘంలో ఒక హోదా. పరిచారకురాలు అంటే హాస్పిటల్లో నర్సమ్మో, వంటింట్లో చెయ్యందించే మనిషో. పాస్టర్లు గర్వంగా చెప్పుకునే "ముప్పై ఏళ్ళ పరిచర్య"లో ఉన్నదీ అదే పదమని ఎవరికీ తట్టదు.

68వ కీర్తన 11వ వచనం దగ్గర నాకు నిజంగా సంతోషం వేసింది. దేవుని మాటని చాటేవాళ్ళు ఒక పెద్ద సైన్యం అని అక్కడుంది. హీబ్రూలో ఆ క్రియారూపం స్త్రీలింగం. కింగ్ జేమ్స్‌లో ఆ స్త్రీలు మాయమైపోయి "వాళ్ళు" మాత్రం మిగిలారు. మన తెలుగులో స్త్రీలు స్త్రీలుగానే, సైన్యంగానే ఉన్నారు. యూనీయ విషయంలో మాత్రం మన భాషే అడ్డొచ్చింది. అపొస్తలుల్లో పేరున్న మనిషిగా పౌలు చెప్పిన ఆమె స్త్రీ అని 4వ శతాబ్దంలో క్రిసోస్తొమ్‌కి ఏ సందేహమూ లేదు. 20వ శతాబ్దపు ఇంగ్లిష్ అనువాదాలు కొన్ని ఆమెని మగవాణ్ణి చేశాయి. తెలుగు అంత సాహసం చెయ్యలేదు గానీ, అంద్రొనీకుతో కలిపి "వీరు" అనేసింది. మన బహువచనంలో ఆడామగా తేడా ఉండదు కదా, ఆమె అందులో కలిసిపోయింది.

ఇక ముసుగు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో తల కప్పుకోమని ఉన్నది సభలో ప్రార్థన చేసే, ప్రవచించే స్త్రీకి. అంటే అది మాట్లాడే స్త్రీ వేసుకునే బట్ట. మనం యూనిఫామ్ ఉంచి ఉద్యోగం తీసేశాం.

అవతలి పక్షం చేతిలో ఏమీ లేదని కాదు. అదే పత్రిక 14వ అధ్యాయం స్త్రీలని సభలో మౌనంగా ఉండమంటుంది. తిమోతికి రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయం స్త్రీ ఉపదేశానికి సెలవివ్వనంటుంది, చాలా స్పష్టంగా. ఆ వచనాన్ని అక్షరాలా పాటిస్తున్నామనే వాళ్ళని వెక్కిరించి లాభం లేదు. అయితే దానికి మూడు వచనాల ముందు బంగారం, జడలు వద్దని కూడా ఉంది. నగలు తీసేయించే పెంతెకొస్తు సంఘాలకి కనీసం ఆ వాదన చేసే హక్కుంది. పెళ్ళిలో పెళ్ళికూతురు నగల్ని కళ్ళారా చూసి దీవించి, ఆదివారం మౌనం గురించి మాట్లాడేవాళ్ళకి ఆ హక్కు ఎంతుందో వాళ్ళే చెప్పాలి.

నా అనుమానం ఏంటంటే, తెలుగు చర్చిలో అసలు గొడవ గ్రీకు వ్యాకరణంతో కాదు, "అయ్యగారు" అనే పిలుపుతో. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వాళ్ళు. వాళ్ళ తాతలు ఎవరిని అయ్యగారు అని పిలవాల్సొచ్చిందో మనకి తెలుసు. ఆ పిలుపు తమలో ఒకడికి దక్కిన చోటు చర్చి. ఊళ్ళో చెప్పులు విప్పి నడవాల్సిన మనిషి పుల్‌పిట్ ఎక్కితే అయ్యగారయ్యాడు. ఇది చిన్న విజయం కాదు, దాన్ని తేలిగ్గా తీసుకునే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ గౌరవం ఇంటికి ఒకే దారిలో వచ్చింది. అయ్యగారి భార్య అమ్మగారు అయింది. ఫ్లెక్సీ మీద ఇద్దరి ఫొటో పక్కపక్కన ఉంటుంది. స్వతంత్ర సంఘాల్లో ఆయన పోయాక ఆమె సంఘాన్ని నడపడమూ, వాక్యం చెప్పడమూ ఉన్నాయి. అప్పుడు తిమోతి పత్రిక అంతగా అడ్డురాదు. ఆమెకి అధికారం వాక్యం నుంచి కాక తాళి నుంచి వచ్చింది కాబట్టి సర్దుకుపోతారు.

బల్కంపేటలో ఎల్లమ్మ కల్యాణం రోజుల్లో శివసత్తులు ఊగుతూ నడిరోడ్డు మీద నిలబడితే మగవాళ్ళు పక్కకి జరిగి దండం పెడతారు. ఎల్లమ్మ కథలోనే ఉన్న మాతంగి పేరుతో, మాదిగ స్త్రీ ఒకామె పై కులాల వాళ్ళ మీద ఉమ్మి, తిట్టి, దీవించే ఆచారం తెలుగునాట ఉండేది. దీన్ని చూసి మురిసిపోనక్కర్లేదు. పూనకం దిగాక ఆ మాటకి విలువ ఉండదు, పైగా ఎల్లమ్మ పేరు మీదే ఆడపిల్లల్ని జోగినిలుగా మార్చారు, దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం చెయ్యాల్సొచ్చింది. అయినా అధికారంతో పలికే స్త్రీ గొంతు ఆ పల్లెలకి కొత్త కాదు. ఒంగోలు మిషన్‌లో ఉన్న ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల మీద పుస్తకం రాసింది. దానికి ముందు ఏడాది ఆమె వేసిన పుస్తకం మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద, స్త్రీ హక్కుల మీద! అలాంటి మనిషి తిరిగిన ఊళ్ళలోనే బైబిల్ స్త్రీలు సంచీ తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగారు. మగ బోధకులు అడుగుపెట్టలేని ఘోషా ఇళ్ళలోకి వెళ్ళి చదువూ కథలూ ప్రార్థనా నేర్పారు. జేమ్స్ ఎలీషా తానేటి 2013లో ఇంగ్లిష్‌లో వేసిన పుస్తకం ఈ తెలుగు బైబిల్ స్త్రీల గురించే, కులం ఎక్కడ అడ్డొచ్చిందో జెండర్ ఎక్కడ అడ్డొచ్చిందో కలిపి చూస్తుంది. తెలుగులో అలాంటి పుస్తకం రావాలి.

అదే 2013 సెప్టెంబర్‌లో ఎగ్గోని పుష్పలలిత నంద్యాల బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్. నంద్యాల కావడంలో ఒక తమాషా ఉంది. 1947లో మెథడిస్టులూ ఆంగ్లికన్లూ మిగతావాళ్ళూ కలిసి సి.ఎస్.ఐ. ఏర్పడినప్పుడు, నంద్యాల ఆంగ్లికన్లు చాలామంది చేరలేదు. బిషప్ చెయ్యి తలమీద పడకుండా పాస్టర్లైన వాళ్ళతో కలవడం ఏంటన్నది ఆ అభ్యంతరంలో ఒక భాగం. 1975లో గానీ కలవలేదు. ఎవరి చేతి కింద ఎవరు అభిషేకం పొందాలి అని అంత పట్టుబట్టిన నేలలో, 38 ఏళ్ళకి ఆ చెయ్యి ఒక స్త్రీది అయింది. ఇంగ్లండ్ చర్చికి మొదటి మహిళా బిషప్ 2015లో గానీ రాలేదు. మనకి మతం నేర్పామనుకునేవాళ్ళ కంటే మన రాయలసీమ ముందుంది, ఈ సంగతి మన సాహిత్య పత్రికల్లో ఎంతమంది రాశారు?

పిలుపు దగ్గర మాత్రం మనం ఇంకా తడబడుతూనే ఉన్నాం. పాత మిషన్ సంఘాల్లో ఆర్డినేషన్‌ని గురుపట్టాభిషేకం అంటారు, గురువుకి మనకి స్త్రీలింగం లేదు. పాస్టరమ్మ అంటే పాస్టర్ భార్య. అమ్మగారు అంటే అయ్యగారి భార్య. గురుపట్టం పొందిన ఒక స్త్రీని ఎవరికైనా "ఈవిడ మా పాస్టరమ్మగారండీ" అని పరిచయం చేసి చూడండి. నమస్కారం పెట్టాక, ఎంతో మర్యాదగా, అవతలివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న: "అయ్యగారు ఏ ఊళ్ళో చేస్తున్నారమ్మా?"